నీళ్లు తక్కువ, పారే నేల ఎక్కువ

(మండల రైతు సంఘం సభలో ఒక రైతు కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



"ప్రకృతిని కాపాడుకోవడం, రోజువారీ బతుకులో మనం చేయగలిగింది" అనే విషయం మీద మాట్లాడమని నాకు చెప్పారు. నేను పదో తరగతి వరకే చదివినవాణ్ణి. ప్రకృతి అనగానే చాలామందికి అడవులు, పులులు గుర్తొస్తాయి. నాకు గుర్తొచ్చేది నా నాలుగెకరాల ఎర్రనేల, దాని కిందున్న నీళ్లు. కాబట్టి నాకు తెలిసిన నీళ్ల గురించే మాట్లాడతాను. అందులో నా తప్పు కూడా ఒకటుంది. అది దాచిపెట్టి మీకు నీతులు చెప్తే బాగుండదు కనక, ముందు దాని సంగతే చెప్తాను.

మా జేజినాయన తవ్వించిన బావి ఒకటి ఉండేది. నలభై అడుగుల లోతు. కపిలితో తోడేవాళ్లు. రెండెద్దులు, ఒక మనిషి, ఒక తోలు బాన. తెల్లవారి మొదలుపెడితే ఎండెక్కే సరికి ఎద్దులు అలిసిపోయేవి, తోడటం ఆగేది. మధ్యాహ్నం బావి మళ్లీ ఊరేది. ఎద్దుల అలుపే ఆ బావికి కాపలా అని అప్పుడు మాకు తెలియదు. కరెంటు మోటరుకు అలుపు లేదు. బావి ఎండింది. 1994లో మొదటి బోరు వేశాను, 180 అడుగులు. రెండించుల నీళ్లు పడ్డాయి. ఊరంతా వచ్చి చూశారు, కొబ్బరికాయ కొట్టాం. ఆ ధైర్యంతో మూడెకరాలు చీనీ పెట్టాను. ఆ తర్వాత ఇరవై రెండేళ్లలో ఇంకో ఆరు బోర్లు వేశాను. పంగల కర్ర పట్టినాయన చూపించిన చోట వేశాను, కొబ్బరికాయ లేచి నిలబడిన చోట వేశాను. ఆరింటిలో నాలుగు ఉత్త దుమ్ము. కాపు మీదున్న చీనీ చెట్లు ఎండుతుంటే చూడలేక 2016లో వడ్డీకి తెచ్చి ఏడో బోరు 720 అడుగులు వేశాను. నీళ్లు పడ్డాయి. ఆ రాత్రి ఇంట్లో అందరం ఏడ్చాం, సంతోషంతోనే.

మా చేను పక్కనే మా చిన్నమ్మ చేను. చిన్నాయన పోయినాక కొడుకుతో కలిసి ఆమే సేద్యం చేసుకుంటాండేది. ఆమె బోరు 300 అడుగులు. ఎకరం టమోటా, కొంచెం పశుగ్రాసం. నా ఏడో బోరు ఆడటం మొదలైన రెండు నెలలకు ఒకరోజు పొద్దున్నే మా గట్టు మీదికొచ్చి నిలబడింది. "నువ్వు మోటరు ఆడించినప్పుడల్లా నా బోరు ఆగాగి పోస్తాంది నాయనా" అనింది. తిట్టలేదు, కొట్లాడలేదు. నేనేమన్నానో తెలుసా? "నా చేన్లో నేనేసుకున్న బోరు చిన్నమ్మా, నేనేం చేసేది" అన్నాను. మూడో నెలకు ఆమె బోరు నిలిచిపోయింది. కొడుకు కోడలిని తీసుకుని బెంగళూరుకు కట్టడం పనికి పోయాడు. ఆమె ఒక్కతే మిగిలింది.

చట్టం ప్రకారం నేను దొంగను కాను. కానీ ఆ నీళ్లు నా గట్టు కింద పుట్టినవి కావు. రాతి పగుళ్లలో నీళ్లకు సర్వే నంబర్లు లేవు, పట్టాదారు పాసు పుస్తకం లేదు. బోరు నాది, నీళ్లు అందరివీ. ఈ ఒక్క మాట అర్థం కావడానికి నాకు ఏడు బోర్లు, మూడెకరాల చీనీ, ఒక చిన్నమ్మ కావలసి వచ్చింది. మీకు అంత ఖర్చు కాకూడదనే ఈ మాటలు.

ఇప్పుడు కొంచెం లెక్క చూద్దాం. భయపడొద్దు, పదో తరగతి లెక్కే. ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్లు. మన అనంతపురం, 2022లో రెండు జిల్లాలు అయినా వాన మాత్రం అదే, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర. అంటే ఎకరానికి 22 లక్షల లీటర్లు. చాలా ఎక్కువ అనిపిస్తుంది కదా? కానీ మనది గట్టి రాతి నేల. పడిన వానలో కొంత ఆవిరైపోతుంది, కొంత పైరు తాగుతుంది, కొంత వంకల్లో పారిపోతుంది. లోపలికి దిగి బోర్లకు అందేది సుమారు పదో వంతు. అంటే ఎకరానికి రెండు లక్షల చిల్లర లీటర్లు. మన భూమి ఖాతాలో ఏటా జమయ్యేది అంతే.

ఖర్చు చూద్దాం. వరి మడికి దమ్ము నుంచి కోత వరకు సుమారు 1,200 మిల్లీమీటర్ల నీళ్లు. ఎకరానికి 48 లక్షల లీటర్లు. వాన సాయం లేని రబీ వరి అయితే ఇదంతా దాదాపు బోరు నుంచే రావాలి. జమ రెండు లక్షల చిల్లర, ఖర్చు 48 లక్షలు. మడిలో పెట్టిన నీళ్లలో సగం మళ్లీ కిందికే ఇంకుతాయి అనుకున్నా, ఒక్క ఎకరం రబీ వరికి పదకొండు ఎకరాల మీద ఇంకిన వాన కావాలి. ఆ పదకొండు ఎకరాలు ఎవరివి? పక్కవాళ్లవి. వాళ్లు కూడా వరి పెడితే? నేను 720 అడుగులకు పోతాను, మీరు 900 అడుగులకు పోతారు, మూడో మనిషి బెంగళూరు పోతాడు.

శెనక్కాయకైతే 500 మిల్లీమీటర్ల నీళ్లు చాలు. సజ్జ, కొర్రలకు 350, 400 చాలు. అదీ ముంగారు వాన సరిగ్గా పడితే కొర్రకు బోరు నీళ్లు పెట్టే పనే ఉండదు.

ఇదేదో ఇప్పుడు కనిపెట్టిన తెలివి కాదు. మన పక్క కడప జిల్లా పోరుమామిళ్లలో పెద్ద చెరువుంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూర కట్టించాడు. 1369 నాటి శాసనం అక్కడుంది. రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో రాశారు. చెరువు కట్టాలంటే ఏమేం కావాలో పన్నెండు చెప్పి, చెరువుకు ఉండకూడని దోషాలు ఆరు చెప్పారు. కట్ట నీరు కారడం ఒక దోషం, చవిటి నేల ఒక దోషం. వాటితోపాటు ఇంకో దోషం చెప్పారు: నీళ్లు తక్కువ, పారే నేల ఎక్కువ. ఆరున్నర వందల ఏళ్ల కింద రాయి మీద చెక్కించిన మాట అది. మన బోర్ల సేద్యానికి పట్టిన రోగం పేరు అదే. ఉన్న నీళ్లెంతో చూసుకోకుండా పారించాలనుకున్న నేలను పెంచుకుంటూ పోయాం.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మీటింగులకు వచ్చే కొందరు పెద్దమనుషులు రైతే నీళ్లు ఖర్చు పెట్టేశాడు, రైతుకు తెలివి లేదు అని చెప్పి పోతుంటారు. దానికి నేను ఒప్పుకోను. చెరువులను చూసుకోవడానికి ఒకప్పుడు దశబంధం మాన్యాలు ఉండేవి, నీరుగంటి ఉండేవాడు. ఆ ఏర్పాటు పోయింది, దాని జాగాలో ఇంకోటి రాలేదు. చెరువు పోయినాకే రైతు బోరు వైపు చూశాడు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. పేదవాడి కడుపు నిండింది, దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. మా ఇల్లు కూడా ఆ బియ్యంతోనే నిలబడింది. కానీ రేషన్‌లో కొర్ర, సజ్జ, జొన్న కూడా ఇచ్చుంటే మన చేలల్లో అవి మిగిలేవి. 2004లో ఉచిత కరెంటు వచ్చింది. అది అడిగి సాధించుకున్న హక్కు, వదులుకునేది లేదు. కానీ కరెంటు ఇచ్చిన ప్రభుత్వాలు తక్కువ నీళ్ల పంటకు ధర ఇవ్వలేదు. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఢిల్లీలో విందులు జరిగాయి, ఫొటోలు వచ్చాయి. కేంద్రం ఏటా ప్రకటించే మద్దతు ధరల పట్టికలో జొన్న, సజ్జ, రాగి ఉన్నాయి గానీ మన కొర్రకు ఈనాటికీ చోటు లేదు. కొర్ర పండించు అని చెప్పే నోరు, కొంటామని ఎందుకు చెప్పదు? ఇది మన సంఘం అడగాల్సిన ప్రశ్న, అడుగుతూనే ఉంటాం.

అట్లాగని ప్రభుత్వం మారేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటే మన కింది నీళ్లు ఆగుతాయా? అవి ఎవరి జీవో కోసమూ ఎదురు చూడవు.

2003 నుంచి కొన్నేళ్ల పాటు మన ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో, ఆరు వందలకు పైగా ఊర్లలో ఒక పని జరిగింది. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాలు. రైతులే భూగర్భ జలాలను చూసుకునే పథకం అది. వాళ్లకు ఎవరూ వరి వేయొద్దని ఆర్డరు వేయలేదు. జరిమానాలు లేవు, సబ్సిడీ ఆశలు లేవు. చేన్లలో వానమానాలు పెట్టారు, ఎంచుకున్న బోర్లలో నీటి మట్టం కొలిచారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని జమ ఎంత, ఖర్చు ఎంత అని గోడ మీద రాశారు. కొలిచిందీ రాసిందీ రైతులే, అందులో ఆడవాళ్లూ ఉన్నారు. లెక్క గోడ మీద కనిపించేసరికి చాలా ఊర్లలో రైతులు తమంతట తామే వరి తగ్గించుకుని ఆరుతడి పంటలకు మళ్లారు.

ఆ పథకం మా ఊరికి రాలేదు. కానీ ఆ ఊర్ల రైతుల నోట విని నేర్చుకున్నాం. చిన్నమ్మ సంగతి నా గుండెలో ముల్లులా ఉండింది కనక మొదలుపెట్టింది నేనే. మా వంక పక్కన ఆరుమంది రైతులం. నాలుగు బోర్లు పోస్తాండాయి, ఇద్దరివి ఎండినాయి. ఆ ఇద్దరిలో చిన్నమ్మ ఒకరు. ఆరు రాత్రులు రచ్చకట్ట మీద కూర్చున్నాం. మొదటి మూడు రాత్రులు పాత కొట్లాటలే తేలినాయి. గట్టు నువ్వు జరిపినావంటే నువ్వు జరిపినావని. నాలుగో రాత్రి పని మాటలు మొదలైనాయి. చివరికి మూడు మాటల మీద నిలబడ్డాం. కొత్త బోరు ఎవరూ వేయకూడదు. రబీలో బోరు కింద వరి పెట్టకూడదు. నాలుగు బోర్లను పైపులతో కలిపి, ఎండిన ఇద్దరికి కూడా ఎకరం చొప్పున నీళ్లు ఇవ్వాలి.

అంతా సాఫీగా సాగిందని చెప్తే మీరు నమ్మొద్దు. రెండో ఏడు ఒకాయన మాట తప్పి రాత్రికి రాత్రి బోరు బండి పిలిపించాడు. 650 అడుగులు పోయి దుమ్ము లేచింది. సిగ్గుతో నెల రోజులు మా ఎదురుగా రాలేదు. తర్వాత మేమే పోయి పిలుచుకొచ్చాం. ఆయన అప్పు ఆయనకే ఉంది, మేం పగ పెట్టుకుని ఏం లాభం? ఈ రోజుకు ఆరుమందిమీ ఉన్నాం. నీటి మట్టం ఏడాదికేడాది లేస్తా పడతా ఉంది గానీ, బోర్లు నిలిచిపోలేదు. నేను చీనీ మూడెకరాల్లో ఒక ఎకరమే నిలుపుకున్నాను, డ్రిప్పు మీద. మిగిలిన రెండెకరాలు కంది, కొర్ర. ఆదాయం చీనీ అంత రాదు, నిజం చెప్పాలి. అప్పు మాత్రం పెరగడం ఆగింది.

మరి మీరు ఊరికి పోయినాక ఏం చేయాలి? నాలుగు పనులు చెప్తాను. డబ్బు ఖర్చు దాదాపు లేనివే.

మొదటిది కొలవడం. 200 లీటర్ల డ్రమ్ము ఒకటి మోటరు దగ్గర పెట్టండి. ఎన్ని సెకన్లలో నిండుతుందో చేతిలో సెల్‌ఫోన్ ఉంది కదా, చూడండి. నూరు సెకన్లు పట్టిందనుకుందాం. సెకనుకు 2 లీటర్లు, గంటకు 7,200. తొమ్మిది గంటల కరెంటుకు సుమారు 65,000 లీటర్లు. ఇప్పుడు ఎకరం వరికి కావలసిన 48 లక్షలను దీనితో భాగించండి. 74 రోజులు మోటరు ఆగకుండా ఆడాలి, అదీ ఒక్క ఎకరానికి. ఈ లెక్క తెలిసినోడు రెండో ఎకరానికి నారు పోయడు. మోటరు లేని పాత బోరు ఊర్లో ఎక్కడో ఒకచోట ఉంటుంది. తాడుకు బరువు కట్టి నెలకోసారి దాంట్లో వదలండి, నీళ్లు ఎన్ని అడుగుల్లో తగిలాయో బడి గోడ మీద రాయండి. కొలిచినాక ఆ బోరు నోటికి గట్టిగా మూత బిగించండి. నోరు తెరిచిన బోరు పసిపిల్లల ప్రాణాలు తీస్తుంది.

రెండోది ఆటోమేటిక్ స్టార్టరు తీసేయడం. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటరు దానంతట అదే ఆడుతుంది, మనం ఇంట్లో నిద్రపోతుంటాం, మడి నిండి వంకలోకి పారుతుంటుంది. ఊర్లో మోటర్లన్నీ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. దాన్ని బాగు చేయించడానికి చందాలు వేసుకునేదీ మనమే. మా ఇంట్లో అది తీసేస్తానంటే మొదట గొడవ చేసింది నా కొడుకే. పొలం దాకా నడవాలని వాడి బాధ. ఇప్పుడు నడుస్తున్నాడు, దాంతోపాటు పైరు కూడా చూసుకుని వస్తున్నాడు.

మూడోది నేలను కప్పి ఉంచడం. కంది కట్టె, జొన్న దంటు, చెట్ల ఆకు, ఏదీ కాల్చొద్దు. పశువులకు పోగా మిగిలింది చేన్లోనే పరచండి. ఎండాకాలం బోడి నేల పొయ్యి మీద పెనంలా కాలుతుంది, వాన పడితే పైమట్టి ఎర్రగా కొట్టుకుపోతుంది. ముంగారుకు ముందే నవధాన్యాలు చల్లుకున్న చేలను మన చుట్టుపక్కల ఊర్లలో మీరే చూసుంటారు. వాన చినుకు దెబ్బ ఆకు మీద పడుతుంది, నీళ్లు నెమ్మదిగా లోపలికి దిగుతాయి. వాలుకు అడ్డంగా గట్టు, చేను కింది మూలలో పంట కుంట ఉంటే మన వాన మన దగ్గరే ఆగుతుంది. చెరువుకు పోయే వంకల్ని దున్నుకున్నవాళ్లు మనలోనూ ఉన్నారు. ఎవరినీ వేలెత్తి చూపను, మనసులో ఎవరికి వాళ్లకు తెలుసు. రెండు సాళ్ల కోసం వంక పూడిస్తే చెరువు మరవ పారేదెట్లా?

నాలుగోది కంచం. వెనక వరసల్లో అక్కలు నవ్వుతున్నారు, మగవాళ్ల ప్రసంగాల్లో చివరికి వంటింటికే వస్తారని. నిజమే. కానీ వండేది మీరైనా వద్దనేది మేమే. కొర్రన్నం పెడితే మొహం చిట్లించేది మేమే. వారంలో రెండు పూటలు కొర్రన్నమో, సజ్జ రొట్టో, రాగి సంగటో మన ఇంట్లో తినకపోతే పట్నంవాళ్లు కొనాలని అడిగే నోరు మనకుండదు. మనం తినే పంట మన చేన్లో ఉంటుంది. ఇల్లు వరి అడిగినన్నాళ్లూ చేను వరే పెడుతుంది.

సంఘంగా మనం అడగాల్సినవి కూడా ఉన్నాయి. హంద్రీ-నీవా నీళ్లు 2012లో జీడిపల్లి దాకా వచ్చాయి. ఆ నీళ్లతో మన గొలుసుకట్టు చెరువులన్నీ నింపాలి, పిల్ల కాలువలు పూర్తి చేయాలి. కొర్రతో సహా చిరుధాన్యాలన్నిటికీ మద్దతు ధర, ఊర్లోనే కొనుగోలు, రేషన్ షాపుల్లో పంపిణీ కావాలి. 2002లో వచ్చిన నీరు-నేల-చెట్టు చట్టం, మనం వాల్టా అంటున్నదే, కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలంటుంది. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల వేయకూడదంటుంది. ఆ చట్టం చిన్న రైతు మీదే కాదు, నీళ్ల ప్లాంట్లు పెట్టి ట్యాంకర్లతో అమ్ముకునేవాళ్ల మీద కూడా అమలు కావాలి. బోర్లు పంచుకున్న రైతుల గుంపులకు పైపులు, డ్రిప్పు ముందు ఇవ్వాలి. బోరు వేసినోడికి అప్పు దొరుకుతుంది, వేయకుండా ఆగినోడికి ఏమి దొరుకుతుంది? ఆగినోడిని కూడా గుర్తించండి అని అడుగుదాం.

ముగిస్తాను. మా చిన్నమ్మ ఎకరంలో ఈ ఏడు అలసంద, టమోటా ఉన్నాయి. నా మోటరు నీళ్లు పైపులో ఆమె గట్టు దాటేటప్పుడు చప్పుడు వినిపిస్తుంది. కానీ కొడుకు తిరిగి రాలేదు. బెంగళూరులో పిల్లల్ని బడిలో వేశాడు, ఇక రాడేమో. పండక్కి వచ్చినప్పుడు "అన్నా, బాగుండావా" అని పలకరిస్తాడు. ఆ మాటకు నేను తల వంచుకునే జవాబు చెప్తాను. నీళ్లను వెనక్కి ఇవ్వగలిగాను గానీ, ఆ పిల్లోడి సేద్యాన్ని ఇవ్వలేకపోయాను. మీ పక్క చేన్లో ఇంకా మనిషి ఉన్నాడు. వాడు పోకముందే పోయి మాట్లాడండి.

రబీ విత్తనాలు కొనకముందే, అక్టోబరులో మీ మీ ఊర్లలో రచ్చకట్ట మీద ఒక్క రాత్రి కూర్చోండి. డ్రమ్ము లెక్క, తాడు లెక్క తీసుకురండి. మా ఆరుమందిలో ఎవరిని పిలిచినా మీ ఊరికి వస్తాం. భోజనం అవసరం లేదు. పెడతామంటే మాత్రం కొర్రన్నం పెట్టండి.

సెలవు. రైతుల ఐక్యత వర్ధిల్లాలి.